గోడ మీది ఐర్లండ్ – 6: నవ్వులు అమ్ముకున్న చిత్రకారుడు

కిందటి భాగంలో లేడీ మోర్గన్ కథ చెప్పుకున్నాం. 1806లో ‘ది వైల్డ్ ఐరిష్ గర్ల్’ నవల రాసి, లండన్ దొరసానులకి ఐరిష్ హార్ప్ మీద మోజు పుట్టించిన మనిషి. ఇండియా గడప తొక్కకుండానే కాశ్మీరు మీద ఒక నవల అల్లేసిన మనిషి. డబ్లిన్‌లో కిల్డేర్ వీధిలోని ఇంట్లో కవుల్నీ పాటగాళ్లనీ రాజకీయ నాయకుల్నీ పోగేసి కొలువు తీర్చేది. 1837లో ఏడాదికి 300 పౌన్ల సర్కారు పింఛను పుచ్చుకుని లండన్‌కి మకాం మార్చింది. ఆ 300 అంకె కాస్త గుర్తుంచుకోండి, ఈసారి దానితో పని ఉంది.

ఆవిడ కొలువుకి వచ్చే కుర్రాళ్లలో ఒకడి పేరు శామ్యూల్ లవర్. పాట కట్టేవాడూ అతనే, బాణీ కూర్చేవాడూ అతనే, పాడేవాడూ అతనే. పల్లెటూరి యాసలో కథ చెప్పడం మొదలుపెడితే గదిలో వాళ్లు పొట్ట పట్టుకోవాల్సిందే. పగలు మాత్రం ఈ కబుర్లేవీ ఉండవు. కిటికీ పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఏనుగు దంతపు రేకు మీద మనుషుల ముఖాలు చుక్కలు చుక్కలుగా పెట్టుకుంటూ ఉండేవాడు.

డబ్లిన్‌లో మెరియన్ స్క్వేర్ పక్కనున్న నేషనల్ గ్యాలరీలో ఇతని తైలవర్ణ చిత్రం ఉంది. 1856లో జేమ్స్ హార్‌వుడ్ వేశాడు. అప్పటికి లవర్‌కి 59 ఏళ్లు. వందల మందిని అరచేతిలో ఇమిడేంత చిన్నగా గీసినవాడు, చివరికి కాన్వాసు మీద, నూనెరంగుల్లో, ఇంకొకరి కుంచెకి దొరికాడు. ఆ సంవత్సరం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

లవర్ 1797 ఫిబ్రవరిలో డబ్లిన్ గ్రాఫ్టన్ వీధిలో పుట్టాడు. మరుసటి ఏడాదే ఐర్లండ్‌లో పెద్ద తిరుగుబాటు వచ్చింది, నెత్తుటితో అణిగిపోయింది. దాని పర్యవసానంగా 1801లో డబ్లిన్ పార్లమెంటు రద్దయి లండన్‌లో కలిసిపోయింది. పార్లమెంటు భవనాన్ని బ్యాంకు కొనుక్కుంది. ప్రభువులు, వాళ్ల వెనక వకీళ్లు, వాళ్ల వెనక దర్జీలు, బళ్లు చేసేవాళ్లు, అందరికీ గిరాకీ లండన్ దారి పట్టింది. పెద్ద పెద్ద ఇళ్లు మిగిలాయి, వాటిలో విందులిచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆ శతాబ్దపు ఐరిష్ కళాకారుల జీవితాలు సగం అర్థమైపోతాయి. డబ్లిన్‌లో పేరు వస్తుంది, డబ్బు మాత్రం లండన్‌లోనే దొరుకుతుంది.

తండ్రి స్టాక్ బ్రోకరు. కొడుకు లెక్కల పుస్తకం ముందు కూర్చుంటే చాలని ఆయన కోరిక. పిల్లాడు చిన్నప్పుడు నలతగా ఉండేవాడని, గాలి మార్పు కోసం విక్లో కొండల్లో ఒక రైతు ఇంటికి పంపారు. ప్రొటెస్టెంటు ఇంట, పట్నంలో పుట్టిన పిల్లాడు కేథలిక్ పల్లె జనం మధ్య తిరిగాడు. వాళ్ల మాట, వాళ్ల పాట, పొయ్యి చుట్టూ కూర్చుని చెప్పుకునే దయ్యాల కథలు చెవిన పడ్డాయి. ఆ కొద్ది నెలల సరుకు అతనికి నలభై ఏళ్లు అన్నం పెట్టింది. తిరిగొచ్చాక తండ్రి ఆఫీసులో కూర్చోబెట్టాడు కానీ కుదరలేదు. పదిహేడేళ్లకి ఇంట్లోంచి బయటపడి, చేతిలో ఉన్న కాసిని డబ్బులతో బొమ్మలు నేర్చుకున్నాడు.

అతను పట్టుకున్న పని మినియేచర్, అంటే అరచేతిలో ఇమిడే దంతపు బొమ్మ. అదెలా చేస్తారో ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. దంతాన్ని కాగితమంత పల్చటి రేకులుగా కోస్తారు. రేకు మీద రంపపు గీతలు పోయేదాకా మెత్తటి పొడితో రుద్దుతారు. దంతంలో సహజంగా జిడ్డు ఉంటుంది, అది పోకపోతే రంగు అంటదు. అందుకని కాగితాల మధ్య పెట్టి వేడి ఇస్త్రీ పెట్టెతో అదుముతారు, ఎండలో తెల్లబారుస్తారు. తుమ్మబంక కలిపిన నీటిరంగుల్ని సన్నటి కుంచె మొనతో చుక్కలుగా, వెంట్రుకల్లాంటి గీతలుగా పెట్టుకుంటూ పోవాలి. తడి ఎక్కువైతే కింద ఉన్న రంగు లేచిపోతుంది. బుగ్గ మీద ఎర్రదనం కోసం ఎరుపు దట్టంగా వేయరు, పల్చగా వేసి దంతాన్నే లోపలి నుంచి మెరవనిస్తారు. చర్మానికి ఆ నిగనిగ కాన్వాసు మీద రాదు. మన ఢిల్లీ, ముర్షిదాబాద్ చిత్రకారులు కూడా ఈస్టిండియా కంపెనీ దొరల గిరాకీ కోసం ఈ దంతపు పని చేసినవాళ్లే. ఇదంతా చేయడానికి చేతికన్నా ముందు కళ్లు కావాలి. భూతద్దం పెట్టుకుని, రోజుకి ఇన్ని గంటలని, ఏళ్ల తరబడి.

కొనేవాళ్లెవరంటే, ఎక్కువమంది విడిపోబోయేవాళ్లు. ఫోటోలు లేని కాలం. కంపెనీ కొలువులో ఇండియాకి ఓడెక్కే ఐరిష్ కుర్రాడు తల్లికి ఒక బొమ్మ ఇచ్చి వెళ్లేవాడు, నిశ్చితార్థమైన పిల్ల బొమ్మ లాకెట్‌లో పెట్టుకుని మెళ్లో వేసుకునేవాడు. ఓడలు బయలుదేరినంత కాలం మినియేచర్ చిత్రకారుడికి పని ఉంటుంది.

1818లో డబ్లిన్‌లో కవి థామస్ మూర్‌కి ఘనంగా విందు చేశారు. ఐర్లండ్‌లో ఆయన్ని మించిన పాటల కవి లేడప్పుడు. ఆ విందులో 21 ఏళ్ల లవర్ లేచి, ఆ సందర్భానికని తను కట్టుకొచ్చిన పాట పాడాడు. ఊళ్లో పేరు మోగిపోయింది. పాటతో వచ్చిన పరిచయాలు బొమ్మలకి గిరాకీ తెచ్చాయి. 1823లో రాజపత్రంతో రాయల్ హైబర్నియన్ అకాడమీ వెలిసింది. దానికి ఆబీ వీధిలో భవనాన్ని కట్టించింది వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ జాన్‌స్టన్, అదీ సొంత డబ్బుతో. 1830 నాటికి లవర్ ఆ అకాడమీకి కార్యదర్శి.

1831 అతని జీవితంలో పంట పండిన సంవత్సరం. వయొలిన్ మాంత్రికుడు పగనీని డబ్లిన్ సంగీతోత్సవానికి వచ్చాడు. దయ్యంతో ఒప్పందం చేసుకున్నాడని యూరప్ అంతా చెప్పుకునే ఆ బక్కపల్చటి మనిషిని లవర్ దంతం మీద పట్టేశాడు. ఆ మినియేచర్ తర్వాత లండన్ ప్రదర్శనకి వెళ్లి సంచలనం రేపింది. అదే ఏడాది ‘లెజెండ్స్ అండ్ స్టోరీస్ ఆఫ్ ఐర్లండ్’ పుస్తకం వచ్చింది. కథలూ తనవే, అందులో బొమ్మలూ తనవే.

ఆ ఏడాదే ఊళ్లలో ఇంకో గొడవ మొదలైంది. కేథలిక్ రైతు తాను అడుగైనా పెట్టని ప్రొటెస్టెంటు చర్చికి పంటలో వంతు పన్ను కట్టాలి. కట్టం పొమ్మన్నారు. పోలీసులొచ్చి గొడ్లని తోలుకుపోవడం, జనం అడ్డుపడటం, తుపాకులు పేలడం జరిగాయి. డబ్లిన్‌లో కొందరు కుర్ర రచయితలు ఈ పన్ను మీద, పాదరీల పొట్టల మీద ‘పార్సన్స్ హార్న్-బుక్’ అని ఒక వెటకారం పుస్తకం అచ్చేశారు. దానికి ఎచింగ్ బొమ్మలు చేసినవాడు లవర్. తాను ప్రొటెస్టెంటు, తన బొమ్మలు కొనేవాళ్లు పెద్దింటి ప్రొటెస్టెంట్లు, ఆ పైన అకాడమీ ఉద్యోగం. అయినా చేశాడు. తర్వాతి కాలంలో ఇతన్ని వట్టి విదూషకుడని కొట్టిపారేసినవాళ్లు ఈ సంగతి సాధారణంగా ఎత్తరు.

1834లో కథల రెండో సంపుటం వచ్చింది. అందులో బార్నీ ఒరెర్డన్ కథ మనవాళ్లు చదవదగ్గది. బార్నీ కిన్‌సేల్ రేవులో చేపలు పట్టేవాడు. ఉప్పు చేపలు ఫింగల్‌లో బాగా అమ్ముడుపోతాయని ఎవరో చెప్పారు. ఫింగల్ డబ్లిన్‌కి పైనున్న చోటు, ఎంతో దూరం కాదు. కానీ బార్నీకి ఓడ దారి తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. అక్కడికే పోతోందనుకుని ఒక పెద్ద ఓడ వెనక తన చిన్న పడవని పట్టించాడు. ఒక రోజు, రెండు రోజులు, ఎన్నాళ్లయినా నేల కనపడదు. తనతో వచ్చినవాళ్లు గోల పెడుతుంటే, అన్నీ తెలిసినవాడిలా సర్దిచెబుతుంటాడు. చివరికి తేలిందేమిటంటే ఆ ఓడ పోతోంది ఫింగల్‌కి కాదు, మన బెంగాల్‌కి! అచ్చం మన పరమానందయ్య శిష్యుల బాపతు. అయితే ఒక తేడా ఉంది. బార్నీ తెలివితక్కువవాడు కాదు. చదువు చెప్పేవాడు లేడు, పటం చూసి ఎరగడు, నోటి మాటతో నెట్టుకురావడం మాత్రం తెలుసు. లవర్ రచనలో బాగున్నప్పుడు బాగుండేది ఇదే. నవ్వించే మనిషి మీద అతనికి చులకన ఉండదు.

1835లో లవర్ కూడా లండన్ చేరాడు. అందరూ పోయే దారే. చాన్సలర్ పదవి చేసిన లార్డ్ బ్రోమ్ అతని ముందు కూర్చున్నాడు. అవధ్ నవాబు పంపిన రాయబారి మౌల్వీ మహమ్మద్ ఇస్మాయిల్ ఖాన్ కూర్చున్నాడు. అప్పటికి లక్నో ఇంకా నవాబుల చేతిలోనే ఉంది, తమ గోడు లండన్‌లో చెప్పుకుంటే ఫలితం ఉంటుందని వాళ్ల నమ్మకం. పార్లమెంటు పోగొట్టుకున్న నగరం నుంచి వచ్చిన చిత్రకారుడు, ఇరవయ్యేళ్లు తిరక్కుండానే రాజ్యం పోగొట్టుకోబోతున్న దర్బారు మనిషి, ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నారన్నమాట. అవధ్‌ని కంపెనీ కలిపేసుకున్నది 1856లో. సరిగ్గా హార్‌వుడ్ ఈ లవర్ బొమ్మ వేసిన ఏడాది. యాదృచ్ఛికమే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

లండన్‌కి ఐర్లండ్ కావాలి, అయితే నవ్వే ఐర్లండ్ కావాలి. ఈ బేరం లవర్‌కి తొందరగానే అర్థమైంది. ‘రోరీ ఒమోర్’ అని తాను కట్టిన పాట అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. 1837లో అదే పేరుతో నవల రాశాడు, వెంటనే నాటకం చేశాడు. కథాకాలం 1798 తిరుగుబాటు నాటిది. ఇంగ్లీషు ప్రేక్షకుడి ముందు ఐరిష్ తిరుగుబాటుదారు పక్షాన నిలబడే పల్లెటూరి కుర్రాణ్ణి కథానాయకుణ్ణి చేయడం మామూలు సాహసం కాదు. నవ్వు అనే చక్కెర పూత లేకపోతే మింగేవాళ్లే కాదు. అడెల్ఫీ థియేటర్లో రోరీ వేషం కట్టినవాడు టైరోన్ పవర్, లవర్ ఈడువాడే, వాటర్‌ఫర్డ్ జిల్లావాడు. నాటకం వంద రాత్రులకి పైగా ఆడింది. నాలుగేళ్లకి, 1841 మార్చిలో, న్యూయార్క్ నుంచి బయలుదేరిన ‘ప్రెసిడెంట్’ అనే ఆవిరి ఓడ అట్లాంటిక్‌లో జాడ లేకుండా పోయింది. పవర్ అందులోనే ఉన్నాడు. హాలీవుడ్ నటుడు టైరోన్ పవర్ ఇతని మునిమనవడే.

ఈ కాలంలోనే లవర్‌కి ఒక పోటీదారు తయారయ్యాడు. పేరు చార్లెస్ లీవర్. లవర్, లీవర్, ఇద్దరూ డబ్లిన్‌వాళ్లే, ఇద్దరివీ నవ్వుల నవలలే. పాఠకులు ఒకరి పుస్తకం ఇంకొకరిదనుకునేవారు, ఇప్పటికీ అనుకుంటారు. లీవర్ డాక్టరు, అతని కథల్లో గుర్రాలెక్కే మిలటరీ ఆఫీసర్లు, తాగుళ్లు, పందేలు. లవర్ కథల్లో నౌకర్లు, రైతులు, బెస్తలు. అమ్మకాల్లో లీవర్‌దే పైచేయి అయింది.

దానికి జవాబా అన్నట్టు 1842లో ‘హ్యాండీ ఆండీ’ పుస్తకంగా వచ్చింది. ఆండీ ఒక జమీందారు ఇంట్లో నౌకరు. ఏ పని చెప్పినా దాన్ని తలకిందులు చేసి పెడతాడు. షాంపేన్‌ని ఐసులో చల్లబెట్టమంటే సీసాలు తెరిచి తొట్టెలో ఐసు మీద పోసేస్తాడు. అన్నిటికన్నా పేరుపడ్డది ఉత్తరం కథ. పెన్నీ స్టాంపు రాకముందు, అంటే 1840కి ముందు, ఉత్తరాలు దాదాపు అన్నీ మన బేరింగు ఉత్తరాల్లాంటివే, పుచ్చుకునేవాడే డబ్బు కట్టాలి. యజమాని ఉత్తరానికి పదకొండు పెన్నీలు అడిగారు. అంతే ఉన్న ఇంకో ఉత్తరాన్ని వేరేవాళ్లకి నాలుగు పెన్నీలకే ఇస్తుంటే ఆండీ కళ్లారా చూశాడు. తూకంలో, దూరంలో తేడా ఉంటుందని అతనికేం తెలుసు? ఇది పచ్చి మోసం అని తీర్మానించి, యజమాని డబ్బు దండగ కాకూడదని, పోస్టుమాస్టరు అటు తిరగ్గానే పక్కనున్న వేరేవాళ్ల ఉత్తరాలు కూడా చేజిక్కించుకుని ఇంటికి పట్టుకొచ్చాడు. ఆ ఉత్తరాల వల్ల నవల సగం నడుస్తుంది. చివర్లో ఈ ఆండీయే ఒక ప్రభువు వారసుడని తేలుతుంది, అదొక ముతక మలుపు. ఉత్తరం ఘట్టం ముందు అది నిలవదు.

ఆండీ లండన్‌ని ఊపేశాడు. లవర్‌ని తర్వాత కాలంలో ఇరుకున పెట్టిందీ ఆండీయే. రోరీలో ఉన్న బుద్ధి, పౌరుషం ఆండీలో లేవు. ఐరిష్‌వాడంటే తింగరివాడు అన్న ముద్ర ఇంగ్లీషు నాటకశాలల్లో అప్పటికే పడి ఉంది, దాన్ని ఈ పుస్తకం ఇంకా గట్టిగా ఒత్తింది. కొనేవాడి రుచి చూసి వండితే ఇలాగే అవుతుంది.

ఇంతలో కళ్లు దెబ్బతిన్నాయి. పాతికేళ్లు దంతం మీద చుక్కలు పెట్టిన కళ్లు. పోనీ, కళ్లు బాగుంటే మాత్రం ఏం లాభం? 1841లో లండన్‌లో మొదటి ఫోటో స్టూడియో తెరిచారు. రేకు మీద ముఖం నిమిషాల్లో దిగిపోతోంది. ఇండియా ఓడెక్కే కుర్రాడు ఇక చిత్రకారుడి ముందు రోజుల తరబడి కూర్చోడు. పదేళ్లు తిరిగేసరికి మినియేచర్ వృత్తి కుప్పకూలిపోయింది. లవర్ అంతకు కాస్త ముందే పక్కకి తప్పుకున్నాడు, కావాలని కాదు, గత్యంతరం లేక.

1844లో ‘ఐరిష్ ఈవెనింగ్స్’ అని కొత్త ప్రదర్శన మొదలుపెట్టాడు. వేదిక మీద ఒక్కడే. తన పాట, తన కథ, తన పద్యం. లేడీ మోర్గన్ ఇంట్లో ఊరికే చేసింది ఇప్పుడు టికెట్టు పెట్టి చేశాడు. జనం వచ్చారు. 1846లో అమెరికా ఓడెక్కి, అమెరికా, కెనడా పట్టణాల్లో 1848 దాకా తిరిగాడు.

ఆ సంవత్సరాలు చూడండి. 1845 శరత్తులో ఐర్లండ్ బంగాళాదుంప మళ్లలో తెగులు కనపడింది. 1846లో పంట దాదాపు పూర్తిగా పోయింది. 1847ని ఐరిష్ జనం ఇప్పటికీ నల్ల ఏడాది అంటారు. 1841 జనాభా లెక్కల్లో దాదాపు 82 లక్షలున్న ఐర్లండ్, 1851కి 66 లక్షల లోపుకి పడిపోయింది. సుమారు పది లక్షల మంది ఆకలికీ, జ్వరాలకీ పోయారు, అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కారు. ఏ పల్లె జనం మాటలతో లవర్ హాలు నింపుతున్నాడో ఆ జనమే అమెరికా రేవుల్లో చింకి గుడ్డలతో దిగుతున్నారు. అదే 1847లో అతని భార్య లూసీ కూడా చనిపోయింది. అయినా ప్రదర్శనలు ఆగలేదు. సంపాదన అదొక్కటే.

ఇతను గుండె లేని మనిషని నేననను. కానీ అతని కళకి ఆ కరువుని మోసే బలం లేదు. విక్లోలో పిల్లాడిగా విన్న ఐర్లండ్‌ని అతను నలభై ఏళ్లు అలాగే దాచుకున్నాడు. అది కళ్ల ముందే చచ్చిపోయినా కొత్తది రాయలేకపోయాడు. 1888లో కవి యేట్స్ ఐరిష్ జానపద కథలు సంకలనం చేస్తూ ఇదే ఎత్తిచూపాడు. లవర్ తరం రచయితలు ఒక రకం జల్సా మనుషుల్ని చూసి దేశమంతా అదే అనుకున్నారని, కరువు వచ్చి ఆ బుడగ పేల్చేసిందని అతని తీర్పు. కఠినమైన తీర్పే. ‘రోరీ ఒమోర్’ని పక్కన పెట్టి చూస్తే న్యాయమైనదే.

ఇక 1856. ఇంగ్లండ్‌లో రెండో పెళ్లి చేసుకుని స్థిరపడిన లవర్‌కి, సాహిత్యానికీ కళకీ చేసిన సేవకని, ఏడాదికి 100 పౌన్ల సర్కారు పింఛను వచ్చింది. లేడీ మోర్గన్‌కి ఇచ్చినదానిలో మూడో వంతు. హార్‌వుడ్ అతని బొమ్మ వేసింది అప్పుడు. ఆరోగ్యం పాడై, చివరికి గాలి మార్పు కోసం జెర్సీ దీవికి చేరి, 1868 జూలైలో అక్కడే కన్నుమూశాడు.

అంతకు ముందు కెంట్‌లోని సెవెనోక్స్‌లో తాతగారి ఇంట్లో కూతురి కొడుకు ఒకడు పెరిగాడు. ఆ ఇంటికొచ్చే సంగీతకారుల్ని వింటూ, తాత పాటలు నేర్చుకుంటూ. అతనే విక్టర్ హెర్బర్ట్. పెద్దయ్యాక అమెరికా వెళ్లి ‘బేబ్స్ ఇన్ టాయ్‌లాండ్’ లాంటి సంగీత నాటకాలు కట్టాడు. హోటళ్లలో, హాళ్లలో పాట వాయిస్తే స్వరకర్తకి సొమ్ము ముట్టాలని 1914లో ఒక సంఘం స్థాపించినవాళ్లలో ముఖ్యుడు. తాత పాటల్ని ఊరూరా ఎంతమంది పాడుకున్నా ఆయనకి ఆ లెక్కన ముట్టిందేమీ లేదు.

పింఛన్ల లెక్కలో 300కీ 100కీ మధ్య ఇంకో అంకె ఉంది, 200. అది 1848లో విలియం కార్ల్‌టన్‌కి దక్కింది. లవర్ పల్లెని చూసొచ్చి రాశాడు, కార్ల్‌టన్ ఆ మట్టిలోనే పుట్టాడు. టిరోన్ జిల్లాలో ఒక పేద రైతుకి 14 మంది సంతానంలో ఆఖరివాడు. జాన్ స్లాటరీ వేసిన అతని బొమ్మ కూడా ఇదే గ్యాలరీలో ఉంది. కరువు నడుస్తుండగానే, 1847లో, కరువు మీద నవల అచ్చేసి దాన్ని ఏకంగా బ్రిటిష్ ప్రధానికే అంకితమిచ్చినవాడు. కేథలిక్కుగా పుట్టి మతం మార్చుకున్నందుకు ఒకవైపు వాళ్లతో, మార్చుకున్నా నోరు మూసుకోనందుకు రెండోవైపు వాళ్లతో తిట్లు తిన్నవాడు. అతను కుర్రాడిగా లౌత్ జిల్లాలో బతుకుతెరువు వెతుక్కుంటూ నడిచిపోతుండగా, దారి పక్కన తారు పూసి ఉరికొయ్యకి వేలాడదీసిన ఒక శవం కనిపించింది. 1816లో ఒక ఇంటిని మనుషులతో సహా తగలబెట్టిన కేసు అది, అందులో 18 మందిని ఉరితీశారు. వచ్చే భాగం ఆ లౌత్ దారి మీద మొదలవుతుంది.